అక్క చేతి మీద తేదీ

ఆత్రేయపురంలో మా అక్క నలభై ఏళ్ళు పూతరేకులు తీసింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రేకు తేలేది. ఆవిడకి జబ్బు చేసి, ఇక కొద్ది నెలలే అని డాక్టరుగారు చెప్పిన రోజున నాకు తట్టింది, అక్క ఆ కుండ ముందు కూర్చున్న ఫొటో ఒక్కటీ మా దగ్గర లేదని. అదొక్కటి తీసి ఉంచుకోవాలనుకున్నాను.

అప్పటికి చిన్న డిజిటల్ కెమెరాలు పింఛనుదారుకి అందే ధరకి దిగాయి. నేను కాలువల శాఖలో పనిచేశాను. పొద్దున్నే లాకు దగ్గర నీటిమట్టం రాయడం, సాయంత్రం ఇంట్లో డైరీ రాయడం. కెమెరా సంగతీ డైరీకెక్కింది. అమలాపురంలో మూడు షాపులు, ఏడు రకాలు, గీతలు గీసి గడులు కట్టాను. జూమ్ ఎంత, కార్డు విడిగా కొనాలా, బ్యాటరీ ఏ రకం. మూడోసారి వెళ్ళేసరికి ఒక షాపతను నవ్వేశాడు.

"బాబాయ్‌గారూ, కెమెరా కొంటున్నారా, సంబంధం చూస్తున్నారా అండీ?"

"ఫొటో మీద తేదీ పడేది ఏదయ్యా?"

"ఇదేనండీ. పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి."

"ఆయ్. ఆలోచించి చెప్తాను."

తేదీ లేని అంకె మా శాఖలో చెల్లదు. అందుకే చివరికి అదే కొన్నాను, కానీ అప్పటికి మూడు వారాలు గడిచాయి. షాపతను తేదీ సరిచేసి ఇచ్చాడు. ఇంటికి రాగానే సెల్స్ తీసి కాగితంలో చుట్టాను. లోపల కారిపోతాయని టార్చిలైటుకీ రేడియోకీ అలాగే చేస్తాను.

నేను వెళ్ళేసరికి అక్క మంచం దిగడం మానేసి నాలుగు రోజులైంది. ఆవిడ కూతురు, నా మేనకోడలు, వీపుకి దిండు పెట్టి కుండ ముందు కూర్చోబెట్టింది.

"ఇన్నాళ్ళూ ఏం చేసేవురా? పోయిన వారం వచ్చుంటే బుట్టెడు రేకులు తీసేదాన్ని."

"మంచిది ఎంచుతున్నానక్కా."

"నీ ఎంపిక మండిపోనూ! పెళ్ళిచూపులకీ ఇలాగే నాలుగుసార్లు తిరిగేవు. పాపం మీ ఆవిడ నీతో ఎలా వేగిందో."

మేనకోడలు నవ్వింది. అక్క గుడ్డ లాగింది, రేకు చిరిగింది. మళ్ళీ లాగింది, మళ్ళీ చిరిగింది.

"మొహం కాదురా, చెయ్యి రావాలి. మొహంలో ఇంకేవుంది?"

నాలుగోసారి సగం రేకు తేలింది. అప్పుడు నొక్కాను.

ఇరవై రోజులకి అక్క పోయింది. పెద్దకర్మకి ఫొటో పెద్దది చేయించాలని మేనకోడలూ నేనూ స్టూడియోకి వెళ్ళాం. కంప్యూటరు మీద బొమ్మ తెరుచుకుంది. మొహం వచ్చింది, కుండ వచ్చింది. గుడ్డ పట్టుకున్న చేతి మీద అడ్డంగా నారింజరంగు అంకెలు. ఎప్పటిదో జనవరి ఒకటి. అప్పటికి నేను ఆ కెమెరా మొహం కూడా చూడలేదు.

"సెల్స్ తీసేస్తే ఇందులో గడియారం మొదటికెళ్ళిపోద్దండీ," అన్నాడు స్టూడియో అతను.

"తుడిచెయ్యలేవా?"

"తుడిస్తే చెయ్యి చెదిరిపోద్దండీ. కింద భాగం కోసేద్దాం."

మేనకోడలు నా వైపు చూడకుండానే, "కోసెయ్యమనండి మావయ్యగారూ, ఎల్లుండే కర్మ," అంది.

దండ వేసి గోడకి తగిలించిన ఫొటోలో అక్క భుజాల దాకానే ఉంది. కొయ్యని చిన్న ప్రతి నా డైరీలో దాచుకున్నాను, వెనక అసలు తేదీ సిరాతో రాసి. ఆ రోజు పేజీలో అన్నీ ఉన్నాయి: సెల్స్ ఎన్ని, ఫొటోలు ఎన్ని, తిరుగు బస్సు ఎన్నింటికి. అక్క మాటలు మాత్రం ఒక్కటీ రాయలేదు. పైన చెప్పినవి నాకు గుర్తున్నవి. నాలుగో రేకు తీసేముందు, పొగకి దగ్గుతూ, ఆవిడ ఇంకేదో కూడా అంది. నేను కెమెరా తెరలోకి చూస్తూ "ఆఁ, ఆఁ" అన్నాను. ఏమందో అడగలేదు.