కొబ్బరి మట్ట పీకిన రోజు

గాజువాక దగ్గర మా కాలనీలో మురుగుకాలువ మీది పలక విరిగి చాలాకాలమైంది. ఎవరూ పడకుండా ఆ గుంతలో ఒక కొబ్బరి మట్ట గుచ్చి ఉంచాం. ఓ ఉదయం మా కాలనీ శుభ్రతను చూపించడానికి లోకల్ ఛానల్ వాళ్లు వస్తున్నారని, మా సంఘం కార్యదర్శి ఆ మట్ట పీకించి, గుంత మీద పచ్చ తివాచీ పరిపించాడు.

"మనుషులు పడి చస్తారండీ!" అని గొడవకు దిగాను.

"ప్రతిదానికీ గొడవేటి మేడమ్? వీడియోలో బాగోదు. అరగంటాగండి, మట్ట మళ్లీ ఎట్టేద్దుం" అన్నాడు.

మేమింకా వాదించుకుంటుండగానే ఛానల్ వాళ్లు వచ్చి కెమెరా పెట్టారు. యారాడ నుంచి రోజూ చేపలు తెచ్చే నూకాలమ్మ కెమెరాకు అడ్డం కాకూడదని పక్కకు జరిగి తివాచీ మీద కాలు పెట్టింది. గంపతో సహా లోపలికి పోయింది.

నేను రోడ్డు మీద బోర్లా పడుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. మురుగు ఆమె గడ్డం దాకా ఉంది.

"ఒగ్గీకమ్మా, సెయ్యి ఒగ్గీకు" అని, వదలొద్దని బతిమాలుతూనే ఉంది.

నలుగురు వచ్చి పైకి లాగారు. తుంటి ఎముక విరిగింది. నూకాలమ్మ మళ్లీ గంప ఎత్తలేదు.

ఆ సాయంత్రం వార్తల్లో మా కాలనీ అద్దంలా మెరిసింది. ఆమె ఊసే లేదు. గుంతలో మట్ట మాత్రం మళ్లీ వచ్చింది. నన్ను గొడవల మనిషని ఇప్పటికీ అంటారు. అననివ్వండి. ఆ రోజు నేను చేసిన గొడవ చాలలేదు.