గోడ మీది మిసెస్ ఎ. రాంకిన్

మా బర్న్‌ఫుట్ బౌలింగ్ క్లబ్బుకి నూరేళ్ళు నిండాయి. నిజంగానే నిండిపోయినా బాగుండేది. పుస్తకం వేస్తున్నాం అంటూ ప్రెసిడెంటు స్ట్రదర్స్ నా దగ్గరికొచ్చి, "ఈఫీ, వంటగది గురించి నువ్వొక పేజీ రాయమ్మా. స్కోన్లూ, సూపూ, అలాంటివి," అన్నాడు.

వంటగది గురించే రాస్తాను. అక్కడ ఇన్నేళ్ళూ నా పక్కన నిలబడి స్కోన్ రొట్టెలకి వెన్న రాసిన నెట్టా గురించి రాస్తాను. వాళ్ళు అచ్చు వేయరు. వేయకపోతే పీడా పోయింది.

గనిలో షిఫ్టు దిగిన మగవాళ్ళు సొంత పారలతో వాలు చదును చేసి ఈ పచ్చిక పరిచారని ప్రతి విందులోనూ చెప్పుకుంటారు. తట్టలు మోసిన ఆడవాళ్ళ ఊసెత్తరు. నేను చేరేనాటికి ఆడవాళ్ళం మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు మాత్రం ఆడుకోవచ్చు. ఐదు కాకముందే మగవాళ్ళు కంచె దగ్గర చేరి గడియారాలు చూసుకునేవాళ్ళు. క్లబ్బులో మాకు ఓటు లేదు. టీ పెట్టే పని మాత్రం మాదే.

నెట్టా చేపల కొట్లో పనిచేసేది. మంచుగడ్డల్లో నానిన ఎర్రటి చేతులు, ఇనుములాంటి మణికట్టు. మా ఆటలో బంతి తిన్నగా పోదు, ఒక పక్కకి మొగ్గుతుంది. అందుకే పక్కకి గురి చూసి వదలాలి. అది వంగి వచ్చి, ఆ చివరనున్న జాక్ అనే చిన్న తెల్లబంతి దగ్గర ఆగాలి. నెట్టా బంతి పిల్లి వచ్చి ఒళ్ళో పడుకున్నట్టు ఆగేది.

"ఏరా ఆర్చీ, మీ ఆవిడ చేపకంపుకి జాక్ మూర్ఛపోతోందటగా?" అని జిమ్మీలాంటివాళ్ళు ఆమె మొగుణ్ణి ఏడిపించేవాళ్ళు.

"మరి నీ బంతులకేం రోగం, జిమ్మీ? ఏ కంపూ లేకుండానే పచ్చిక అంచు కాలవలో దూకి చస్తున్నాయి," అనేది నెట్టా.

మూడుసార్లు ఆడవాళ్ళ ఛాంపియన్ అయింది. హాల్లో గోడకున్న చెక్క మీద మూడుసార్లూ బంగారు అక్షరాలతో ఎక్కిన పేరు 'మిసెస్ ఎ. రాంకిన్'. ఎ అంటే ఆర్చీ. పెళ్ళయినవాళ్ళకి మొగుడి అక్షరమే రాయడం మా ఆచారం. ఆర్చీ జన్మలో ఒక్క కప్పు గెలవలేదు. ఆ గోడ మీదకి వాడి అక్షరం ఎక్కిందంటే పెళ్ళాం చేతి చలవే. నెట్టా అప్పట్లో నవ్వేసింది. "పోనీలేవే, రాంకిన్ పెళ్ళామంటే నేనేగా," అంది.

కొన్నేళ్ళకి ఆర్చీ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మోయిరాతో వెళ్ళిపోయాడు. విడాకులు, మళ్ళీ పెళ్ళి అన్నీ చకచకా అయిపోయాయి. ఆ వసంతంలోనే కొత్త పెళ్ళాం చెయ్యి పట్టుకుని క్లబ్బులోకి దర్జాగా నడిచొచ్చాడు. ఇదేంటని ఒక్కడూ వాడి ముఖాన అడగలేదు, పైగా వాణ్ణే కోశాధికారిని చేశారు. ఇద్దరు మిసెస్ రాంకిన్‌లతో తికమకగా ఉందని, టీ వంతుల కాగితం మీద నెట్టాని ఒక్క పూటలో 'మిసెస్ ఎన్.' చేసిపారేశారు.

గోడ మీద మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు. పొరుగు క్లబ్బులవాళ్ళు వచ్చినప్పుడల్లా అది చదివి మోయిరా దగ్గరికెళ్ళేవాళ్ళు. "మీరేనా! మూడుసార్లా!"

"అయ్యో, అవన్నీ పాత రోజుల సంగతులు లెండి," అని తల వంచుకుని నవ్వేది మోయిరా.

అబద్ధం ఆడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. బంతిని ఏ పక్కన పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలియని మనిషి!

నెట్టా ఒకసారి స్ట్రదర్స్‌ని అడిగింది. "ఆ మూడు చోట్లా నా పేరు రాయించండి. నెట్టా అని. అంతే."

"అది చరిత్ర కదమ్మా. చరిత్రని దిద్దకూడదు," అన్నాడు. వంతుల కాగితం దిద్దడానికి అడ్డురాని చరిత్ర!

నూరేళ్ళ పండగకి ఒక కప్పు పెట్టి కార్‌మ్యూర్ క్లబ్బుని ఆటకి పిలిచారు. మీ మూడుసార్ల ఛాంపియన్‌తో ఆడాలని ఉంది అన్నారట వాళ్ళు. స్ట్రదర్స్‌కి నిజం తెలుసు. చెబితే ఆర్చీ నొచ్చుకుంటాడు. అందుకని ఆడవాళ్ళ జట్టుకి మోయిరానే కెప్టెన్‌ని చేశాడు. పాతవాళ్ళందరం చూశాం. మగాళ్ళు గడియారాలు చూసుకున్నారు. నెట్టా వంటగదిలో పళ్ళాలు సర్దుతోంది.

మోయిరా మొదటి బంతినే తప్పు పక్కన పట్టుకుని వదిలింది. అది జాక్‌కి దూరంగా, పక్క ఆటవాళ్ళ కాళ్ళ మధ్యకి దొర్లిపోయింది. కార్‌మ్యూర్ వాళ్ళు పకపకా నవ్వారు. తర్వాతవీ అంతే. మేం చిత్తుగా ఓడిపోతుంటే, మోయిరా మణికట్టు పట్టుకుని, "అమ్మో, బెణికింది," అని బల్ల మీద కూలబడింది.

స్ట్రదర్స్ వంటగదిలోకి పరిగెత్తుకొచ్చాడు. "నెట్టా, తల్లీ, మిగతా ఆట నువ్వు ఆడు. క్లబ్బు పరువు."

"నా పేరు రాయిస్తారా?"

"రాయిస్తాను. ఒట్టు."

నెట్టా చేతులు తుడుచుకుని బయటికెళ్ళింది. ఆమె ఆడుతుంటే నవ్వినవాళ్ళు నోరు మూసుకున్నారు. చివరి బంతితో వాళ్ళ బంతిని తప్పించి తన బంతిని జాక్ పక్కన ఆపింది. ఒక్క పాయింటుతో గెలిచాం. నేను ఏడ్చేశాను.

సీజను ముగింపు రోజున గోడ మీది తెర తీశారు. హాలు నిండా అతిథులు. నెట్టా నీలం కోటు వేసుకుని వచ్చింది. పాత మూడు పేర్ల కింద, ఇంకా తళతళలాడుతూ కొత్త వరస: 'శతవార్షిక కప్పు - మిసెస్ ఎ. రాంకిన్'.

జట్టు కాగితం మీద కెప్టెన్‌గా ఆ పేరే ఉందట. అందరూ చప్పట్లు కొట్టారు. మోయిరా లేచి నిలబడి, సిగ్గూ శరం లేకుండా తల వంచింది.

నెట్టా అక్షరం అక్షరం చదివింది. ఆ ముఖం నేను మర్చిపోలేను.

స్ట్రదర్స్ మా దగ్గరికొచ్చి, "చూశావా అమ్మా, గెలుపు రాయించాను. మాట తప్పలేదు," అన్నాడు. పాపం, ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. నాకు అసహ్యం వేసింది అక్కడే. "అతిథులు ఎదురు చూస్తున్నారు, ఇంక ఆ టీ సంగతి చూడండి," అన్నాడు మళ్ళీ.

"నన్నెందుకు అడుగుతారు?" అంది నెట్టా. "ఇంత పెద్ద ఛాంపియన్ ఉందిగా. మిసెస్ ఎ. రాంకిన్‌ని పెట్టమనండి."

తన బంతుల సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నేనూ ఆమె వెనకే వచ్చేశాను. వంటగదిలో ఆ రోజు ఎవరూ పొయ్యి వెలిగించలేదని తర్వాత తెలిసింది. నాకు మాత్రం కడుపు చల్లబడలేదు. పేరు అలాగే ఉంది.

ఆమె పేరు నెట్టా. నాలుగుసార్లూ గెలిచింది నెట్టా.