నీలం చొక్కా, కొర్రమేను

ముప్ఫై ఏళ్లు లిఫ్టు నడిపి ఆయన రిటైరయ్యాడు గానీ, ఆయన నీలం యూనిఫాం చొక్కా ఇంకా డ్యూటీలోనే ఉంది. కాలరు చిరిగినా పొద్దున్నే అదే తొడుక్కుని, ముందుగదిలో అద్దాల తొట్టి దగ్గర కూర్చుంటాడు. తొట్టిలో మూరెడు కొర్రమేను. తోడుకని వేసిన ప్రతి చేపనూ గుటుక్కున మింగి, ఆరేళ్లుగా ఒంటరిగానే ఉంటోంది. ఎగిరి బయట పడకుండా మూత మీద రెండిటుకలు. మూత జరిపి, పట్టకారుతో చేపముక్క చూపిస్తూ "అయిదో ఫ్లోరు!" అంటాడాయన. అది పైకొచ్చి లటుక్కున అందుకుంటుంది. రెండ్రోజులు తన ఇంట్లో ఉండి పొమ్మని వాళ్లక్క ఎన్నిసార్లు పిలిచినా ఒకటే మాట: "నేను కనపడకపోతే బెంగ పెట్టుకుంటుందక్కా."

మొన్న ఆవిడే వచ్చి, "ఆ పేలిక విప్పరా బాబూ" అంటూ తెల్లచొక్కా చేతిలో పెట్టింది. నీలం చొక్కా కుర్చీకి తగిలించి, కొత్తది వేసుకుని, "అయిదో ఫ్లోరు!" అన్నాడు. కొర్రమేను బెదిరి మూలకు పోయింది. కాసేపటికి మెల్లగా కుర్చీవైపు వచ్చి, చొక్కాకెదురుగా నోరు తెరిచి నిలబడింది. "నీ మీద కాదురోయ్, నీ చొక్కా మీద దాని బెంగంతా!" అక్క పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత చాలాసేపు పట్టకారు తుడుస్తూ కూర్చున్నాడు.

మర్నాడు అక్కతో బయల్దేరాడు. వెళ్లేముందు కుర్చీని తొట్టికి దగ్గరగా జరిపి, నీలం చొక్కాకి గుండీలన్నీ పెట్టాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగాడు. కొర్రమేను కుర్చీవైపే చూస్తోంది.