సిగ్నల్ చూపించిన లంక

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే అందరికంటే ముందు నవ్వేది నేనే. ధవళేశ్వరంలో నాది సెల్‌ఫోన్ల షాపు. ఏది పాడైనా విప్పి చూస్తే కారణం లోపలే దొరుకుతుందని నమ్మే మనిషిని. ఇప్పుడు ఇలాంటిది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా బావ గోదావరి మధ్య లంకలో కూరగాయలు పండించేవాడు. మొన్నటి వరదకి గేదెలన్నిటినీ పడవ మీద గట్టుకి చేర్చాడు. ఒక దూడ మిగిలిపోయిందని మళ్ళీ వెళ్ళాడు. వద్దంటే వినడు, మొండిఘటం. పడవ తిరగబడింది. దూడ ఈదుకుంటూ వచ్చింది. బావ రాలేదు.

ఐదు రోజులు వెతికారు. వరద తీస్తోంది గానీ మనిషి జాడ లేదు. శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు మా వైపు. మర్నాడు మధ్యాహ్నం ఆ కార్యం కానిచ్చేద్దామన్నారు పెద్దలు. మా అక్క ఒప్పుకోలేదు.

"గడ్డిబొమ్మని చూసి నేను బొట్టు తియ్యనండీ. ఆయన్ని చూపించండి, అప్పుడు తీస్తాను" అని గుమ్మంలో కూర్చుండిపోయింది.

నాకున్నది ఒక్కగానొక్క అక్క. ఏదో ఒకటి చెయ్యాలి.

సరదాకి కొనుక్కున్న చిన్న డ్రోన్ ఒకటి నా దగ్గర ఉంది. కిలోమీటరు దాటితే వీడియో ముక్కలైపోతుంది, దూరపు లంకల దాకా పోదు. దాని రేంజ్ పెంచడానికని ఎప్పుడో ఆన్‌లైన్‌లో తెప్పించిన పెద్ద యాంటెన్నాలు షాపులో మూల పడి ఉన్నాయి. ఆ సాయంత్రం రిమోట్ విప్పి, పాతవి తీసేసి, వాటిని బిగించాను. లోపల సన్నటి వైర్లుంటాయి. వాటి కొసల్ని బోర్డు మీద టిచ్ బటన్ నొక్కినట్టు నొక్కాలి. నాదేమో ఒకటే తొందర. నొక్కాననే అనుకుని మూత వేసేశాను. ఒకసారి ఎగరేసి చూద్దామన్న బుద్ధి కూడా పుట్టలేదు. ఊళ్ళోవాళ్ళ ఫోన్లయితే నాలుగుసార్లు చూసి గానీ ఇవ్వను, నా మొహం!

పొద్దున్నే గట్టు మీద నుంచి డ్రోన్ లేపాను. నేరుగా బావ పొలం ఉన్న లంక వైపు పంపాను. కాస్త దూరం పోగానే వీడియో చెదిరిపోయింది. ఇంత ఖర్చూ ఇందుకా అని తిట్టుకుంటూ ఎడమకి తిప్పాను. తేటగా వచ్చింది. కుడికి తిప్పితే పోతోంది, ఎడమకి తిప్పితే వస్తోంది. యాంటెన్నాలు అటు తిరిగి ఉన్నాయేమోనని నేనే చోటు మార్చి, పక్కకి తిరిగి కూడా చూశాను. అదే వరస. సరే, కనబడే వైపే పోదామని వదిలాను.

కిలోమీటరు దాటింది. రెండు. మూడున్నర. వీడియో ఒక్కసారి కూడా ఆగలేదు. నీటి వాలు అటు కాదని ఐదు రోజుల్లో ఎవరూ ఆ వైపు వెళ్ళనేలేదు.

చిన్న లంక కొసన, రెల్లు దుబ్బుల్లో, ఆకుపచ్చ తువ్వాలు కనిపించింది. తలకి చుట్టుకుని ఉంది. అలా చుట్టుకునేది మా బావే. మనిషిలో కదలిక లేదు. ఆ చోటు ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నానో లేదో, వీడియో పోయింది. మళ్ళీ రాలేదు. సిగ్నల్ పోతే తనంతట తనే బయల్దేరిన చోటికి వచ్చేసే ఏర్పాటు డ్రోన్‌లో ఉంటుంది. అలాగే వచ్చి గట్టు మీద వాలింది.

చేపలవాళ్ళు పడవ వేసుకెళ్ళి బావని తీసుకొచ్చారు. అక్క చూసింది. గడ్డిబొమ్మతో పని లేకపోయింది. పదో రోజున తనంతట తనే బొట్టు తీసేసింది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆ తర్వాత డ్రోన్ ఎన్నిసార్లు లేపినా వీధి చివరికి కూడా పోలేదు. రాజమండ్రిలో డ్రోన్లు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన రిమోట్ మూత తీసి నా వంక అదోలా చూశాడు.

"ఏంటండీ ఇది! రెండు వైర్లూ ఊడి ఉన్నాయి కదండీ. మీరసలు నొక్కనేలేదు. బటన్ మీద గీత కూడా పడలేదు చూడండి. దీంతో మూడున్నర కిలోమీటర్లా? జరగని పనండీ."

నా కళ్ళ ముందే మళ్ళీ ఎగరేశాడు. ఎదుటి మేడ దాటకుండానే వీడియో పోయింది.

చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఉండబట్టలేక అక్కకి చెప్పేశాను. ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. బావే నన్ను అటు తీసుకెళ్ళాడేమో అన్నాను. అది అన్నవాణ్ణి నేనేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అక్క నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అంటే, నేను ఎదురుచూస్తున్నానని ఆయనకి తెలుసన్నమాట" అంది. "తెలిసి కూడా ఇలాగేనా తమ్ముడూ రావడం?"

వైర్లు తగలకుండా ఆ వీడియో ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆ వైర్లని మాత్రం ఇంతవరకూ నొక్కలేదు.