మసకలో కొలిచిన నక్షత్రం

2022 ఫిబ్రవరి 6, ఆదివారం, సాయంత్రం ఏడుంబావుకు పెరంబూరులోని మా మిద్దెమీద ఆల్గాల్ అనే నక్షత్రాన్ని మొదటిసారి ఫొటో తీశాను.

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. చీరలకు ఫాల్స్ కుట్టి నన్ను భౌతికశాస్త్రం చదివించిన అమ్మకు, ఆ చదువులో ఏముందో ఒక్కసారైనా కంటితో చూపించాలని నా కోరిక. అందుకే ఆల్గాల్‌ను ఎంచుకున్నాను. చూడటానికి ఒకటే చుక్క. నిజానికది మూడు నక్షత్రాల కూటమి. వాటిలో రెండు ఒకదాన్నొకటి చుట్టివస్తుంటాయి. మసకగా ఉన్నది ప్రకాశవంతమైనదానికి అడ్డం వచ్చినప్పుడల్లా, అంటే ఇంచుమించు మూడు రోజులకొకసారి, ఆ చుక్క వెలుగు మూడో వంతుకు పడిపోయి కొన్ని గంటల్లో తేరుకుంటుంది. రైల్వే యార్డు దీపాల వల్ల మా ఆకాశం ఎప్పుడూ బూడిదరంగే. అయినా మామూలు రోజుల్లో ఆ చుక్క ఉత్తరపు పిట్టగోడకు పైన కనిపిస్తుంది.

వెలుగును కొలవడానికి తీసే ఫొటోలో నక్షత్రం సూదిమొనలా ఉండకూడదు. లెన్సును కావాలనే కాస్త మసకబరచి, చుక్కను చిన్న బిళ్లలా పరిచి, అదే ఫొటోలో ఉన్న, వెలుగు మారని మరో నక్షత్రంతో పోల్చాలి. నేను మొదట తీసిన ఫొటోలు అందంగా వచ్చాయి గానీ, కొలతకు పనికిరాలేదు.

అమ్మ ప్రతిసారీ నాతో మిద్దెక్కేది. కనిపించిందా అని అడిగితే, "ఆ, కనపడింది పాపా, బాగుండాది," అనేది.

ఆ నెలాఖరులో ఒకరోజు, వెలుగు తగ్గే సమయం చీకటి పడగానే వచ్చింది. ఫొటోలో ఆల్గాల్ బిళ్ల వెలవెలబోయింది. తలెత్తి చూస్తే నా కంటికి అక్కడ ఏమీ ఆనలేదు.

"ఈ పొద్దు ఎట్లుందమ్మా?"

"ధగధగా మెరస్తా ఉండాది."

"ఏదీ, వేలుపెట్టి చూపించు."

అమ్మ చేయి చాచింది.

"అమ్మా, అది పక్కింటి నీళ్ల ట్యాంకు!"

"సరి, దాని ఎనకాల ఉంటాదిలే." నవ్వేసింది. "నా పెండ్లిలో అయ్యోరు మిట్టమధ్యాన్నం ఆకాశం చూపించి, అరుంధతి కనపడిందామ్మా అంటే, కనపడింది సామీ అనలా? నువ్వింత ఆశగా చూపిస్తా ఉంటే, లేదని ఎట్ల చెప్పేది?"

"ఎప్పట్నించి కనపడటం లేదు?"

అమ్మ కెమెరాను ముఖానికి బాగా దగ్గరగా తెచ్చుకుంది. బిళ్లలుగా పరుచుకున్న నక్షత్రాలను చాలాసేపు చూసింది.

"ఇదో, ఈదిలైట్లన్నీ నాకు ఇట్లే కనపడేది," అంది. "చెప్తే కుట్టుపని నిలిపెయ్యమంటావని..."

రోజూ నేను ఆఫీసుకు బయలుదేరే ముందు, అమ్మ నాచేత అయిదారు సూదుల్లో దారం ఎక్కించి పెట్టించుకునేది. పని త్వరగా సాగడానికేనని అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంకో ఫొటో తీయలేదు. చేయి పట్టుకుని దించుతుంటే, ఆమె ఒక్కో మెట్టునూ పాదంతో వెతుక్కుంటోందని తెలిసింది.

కంటి ఆసుపత్రిలో చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నారు. వేసవి ముగిసేలోగా ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్లు జరిగాయి. ఆల్గాల్ మళ్లీ సాయంత్రపు ఆకాశంలోకి వచ్చాక, మరుసటి జనవరిలో, మొదట రెండు మూడు సాయంత్రాలు అమ్మకు ఆ చుక్కనూ, దాంతో పోల్చే చుక్కనూ చూపించాను. తర్వాత వెలుగు తగ్గే రోజు చూసి ఆమెను మిద్దెమీదికి పిలిచాను. ఆ సంగతి మాత్రం ముందుగా చెప్పలేదు.

అమ్మ కళ్లజోడు సర్దుకుని ఉత్తరం వైపు చూసింది.

"నువ్వు పోల్చుకునే చుక్క ఆడ ఉండాది. నీ చుక్క మాత్రం లేదు పాపా. ఏమైపాయె?"

మళ్లీ వస్తుందని చెప్పాను. మర్నాడు అది ఎప్పటిలా వెలిగినప్పుడు, నేను చూపించకముందే అమ్మ దాన్ని చూపించింది.

ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. కనిపించనిదాన్ని కనిపించలేదనే చెబుతుంది.