అప్పన్న చెంబు

పద్దెనిమిదేళ్లుగా నా గుండెల మీద గుప్పెడు చింతపండు పిప్పి కూర్చుని ఉంది. నవ్వితే నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక.

నేను రసాయన శాస్త్రవేత్తను. లోహాలను సేంద్రియ పదార్థాలతో కలిపి కొత్త పదార్థాలు తయారుచేయడం నా పని. పంతొమ్మిది వందల యాభైల చివర్లో ఖరగ్‌పూర్ వచ్చి, హిజ్లీలో ఒక ప్రయోగశాలలో చేరాను. అక్కడ గాజుసామాను కడిగే అటెండరు అప్పన్న. నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. ఇల్లు పూరీ గేట్ దగ్గర. "మావోల్లందరూ ఇంజన్లు తోముతారు బాబూ, నేను సైన్సు తోముతాను" అనేవాడు. ఆ మాట పూరీ గేట్‌లో కూడా అందరికీ చెప్పుకునేవాడట.

ఆ ఏడాది నా ప్రయోగం దివ్యంగా సాగింది. మెగ్నీషియంతో చేసిన ద్రావణంలో రెండు రకాల అణువులను అతికించాలి. ఎవరి చేతిలోనూ సరిగా అతుక్కోనివి నా ఫ్లాస్కులో బుద్ధిగా అతుక్కుని, తెల్లటి స్ఫటికాలుగా దిగేవి. నా చేతి మహిమ అనుకున్నాను. అడిగినవాళ్లకు అలాగే చెప్పాను. అడగనివాళ్లకూ చెప్పాను.

ఒక మధ్యాహ్నం సింకు దగ్గరికి వెళ్తే, అప్పన్న తన మంచినీళ్ల ఇత్తడి చెంబును చింతపండుతో తోముతున్నాడు. తోమడం అయ్యాక అదే పిప్పిని నా ఫ్లాస్కులో వేసి బ్రష్షుతో తిప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం వస్తే ముందు నోరు లేస్తుంది, బుద్ధి తరవాతి బండికి వస్తుంది. ఇది ప్రయోగశాలా, పులుసు కాచే వంటిల్లా అని అరిచి, నేరుగా ప్రొఫెసరు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాను. వారం తిరగకుండా అప్పన్నను సైకిల్ స్టాండుకు పంపేశారు.

కొత్త మనిషి వచ్చాడు. గాజు తళతళలాడింది. ప్రయోగం చచ్చింది. నెల రోజులు నల్లటి జిడ్డు తప్ప ఏమీ రాలేదు. ఈథరు మార్చాను. మెగ్నీషియం మార్చాను. బల్ల కూడా మార్చాను. చింతపండు సంగతి నాకెందుకు తట్టలేదు? తట్టిందేమో, నేనే రానివ్వలేదేమో. చివరికి ఒక ఆదివారం మలంచా బజారులో ఇత్తడి చెంబూ చింతపండూ కొని, ఎవరూ లేని ప్రయోగశాలలో తలుపు గడియ పెట్టుకుని, డాక్టరేటు ఉన్న నేను, చొక్కా చేతులు మడిచి చెంబు తోమాను. ఆ పిప్పితోనే ఫ్లాస్కు కడిగి ప్రయోగం చేశాను. మర్నాటికి స్ఫటికాలు దిగాయి. చింతపండు పులుపుకు ఇత్తడిలోని రాగి కాస్త కరిగి ఫ్లాస్కుకు అంటుతోంది. అణువులను అతికిస్తున్నది ఆ రాగి. నా చేయి కాదు.

అప్పుడే వెళ్లి ఆ మనిషిని వెనక్కి పిలవమని ప్రొఫెసరుతో చెప్పాలి. ఆయన గది పది అడుగుల దూరం. ఎందుకు వెళ్లలేదు? సిగ్గు. సిగ్గు కన్నా ఆశ. చింతపండుకు బదులు సీసాలోని రాగి లవణం చిటికెడు వేసి, మళ్లీ చేసి, పేపరు రాశాను. "సైద్ధాంతిక కారణాల వల్ల రాగిని ఎంచుకున్నాము" అని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యంలో బహువచనం ఒక్కటే నిజం. ఆ పేపరుతోనే నాకు ప్రమోషన్ వచ్చింది.

అప్పన్న రోజూ నా సైకిల్ సీటు గుడ్డతో తుడిచి ఇచ్చేవాడు. మచ్చ ఉండేది కాదు. నేను ఆ సీటు మీద సరిగా కూర్చోలేకపోయేవాణ్ని.

పోయిన నెల అతను రిటైరయ్యాడు. స్టాండు దగ్గర టీ ఇచ్చారు. నన్ను పక్కకు పిలిచాడు.

"బాబూ, సానా ఏళ్లుగా అడగాలనుకుంతన్నాను. అప్పుడు నా సింతపండు వల్ల మీ పని గానీ సెడిపోనాదేటి?"

చెప్పాల్సిన సమయం అదే. నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా.

"ఆ రోజు కాణ్నించి మా ఇంటిదాన్ని సింతపండుతో సెంబు తోమనివ్వనేదు బాబూ. బూడిదే. సింతపండు సైన్సుకి పడదని సెప్పినాను."

నేను అతని భుజం మీద చేయి వేసి, "పోనీలే అప్పన్నా, నేనెప్పుడో మర్చిపోయాను" అన్నాను.

"మీది దొడ్డ మనసు బాబూ" అని కళ్లు తుడుచుకున్నాడు.

విన్నారా? నేను అతన్ని క్షమించాను. ఫిర్యాదు ఒక ఎత్తు, పేపరులో అబద్ధం ఒక ఎత్తు, అలా క్షమించడం ఒక్కటీ ఒక ఎత్తు. ఇంత సిగ్గులేనివాణ్నని నాకే తెలియదు. ఆ రాగిని నేను ఎంచుకోలేదు. అది అప్పన్న చెంబులోంచి వచ్చింది. ఈ ముక్క చెప్పాక ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. పూరీ గేట్ ఇక్కణ్నించి సైకిల్ మీద వెళ్లే దూరమే. నేనింకా బయల్దేరలేదు. ఈ పూట కూడా వాళ్లింట్లో చెంబు బూడిదతోనే తోముతుంటారు.