నేను ఏలిన చీమల సైన్యం

నా నాయకత్వంలో ఒకసారి ఒక జాతి మొత్తం మునిగినంత పనైంది. ఆ జాతిలో ఉన్నది నాతో కలిపి నలుగురమే కాబట్టి మునిగినా చరిత్రకు పెద్ద నష్టం ఉండేది కాదు. పోయిన నా పరువు మాత్రం ఇప్పటికీ టొరంటో శివారు స్కార్‌బరో బస్సుల్లో ఎక్కడో తిరుగుతోంది.

అవి తెలుగు పిల్లలు విమానాల నిండా కెనడాలో దిగుతున్న రోజులు. నేను మిగతావాళ్లకంటే కొన్ని నెలల ముందు దిగాను. ఏ బస్సు ఎక్కడ మారాలో, ఏ కొట్లో గోంగూర దొరుకుతుందో నాకు తెలుసు. ఆ మాత్రం తెలిస్తే మనవాళ్లలో 'అన్న' అయిపోవచ్చు. మేం అద్దెకున్న బేస్‌మెంట్‌కు కొత్తగా వచ్చిన కరీంనగర్ కావ్య, కడప మస్తాన్, భీమవరం శ్రీను నన్ను అలా పిలవగానే నా నడకే మారిపోయింది. శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మా బేస్‌మెంట్‌లో అంత దూరం వెళ్లనక్కర్లేదు, నేనే ఉన్నాను.

మా కాలేజీలో కంప్యూటర్లు చదవడానికి వచ్చినవాడు కూడా ఒక బయటి సబ్జెక్టు పాసవ్వాలి. "పురాణాలే కదా, మనకు లేనివా" అని నేను గ్రీకు పురాణాలు తీసుకుని, పుస్తకం తెరవకుండా ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే డిప్లొమా వెనక్కి, దాంతోపాటు ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే వర్క్ పర్మిట్ కూడా వెనక్కి. భయంతో అన్నం సహించేది కాదు. అలాంటివాడు బుద్ధిగా చదువుకోవాలా వద్దా? నేను ఆ ముగ్గురినీ అదే కోర్సులో చేర్పించి, నలుగురం కలిసి ప్రెజెంటేషన్ ఇస్తామన్నాను. తాను దూర సందు లేదు, మెడకో డోలు అంటారు. నా మెడకు మూడు.

మాకు వచ్చిన టాపిక్ మిర్మిడాన్లు. ఒక దీవిలో జనమంతా జబ్బు చేసి పోతే, రాజు చెట్టు మీద చీమల బారును చూసి, ఇంతమంది మనుషుల్నివ్వమని దేవుణ్ణి వేడుకున్నాడట. ఆ చీమలే మనుషులయ్యాయి. గ్రీకులో చీమ పేరే ఆ జాతికి పేరైంది. తర్వాత వాళ్లను యుద్ధానికి నడిపినవాడు అకిలీస్. నేను స్లైడ్ మీద హెర్క్యులిస్ అని రాశాను. నిజం చెప్పొద్దూ, నాకు తెలిసిన గ్రీకు వీరుడు ఆయనొక్కడే.

ముందురోజు కావ్య మెల్లగా అంది, "అన్నా, హెర్క్యులిస్ కాదేమో. నేను చదివినదాంట్ల వేరే పేరుంది."

"నువ్వు కెనడాకి ఎప్పుడొచ్చావు?"

"సెప్టెంబర్ల."

"నేను?"

"జనవరిల అన్నా."

వాదన అక్కడితో ముగిసింది. "రేపు మీరెవరూ నోరు తెరవొద్దు. నేను తలూపితే మీరూ ఊపండి" అన్నాను.

"ప్రొఫెసరమ్మ మమ్మల్నే అడిగితే ఎట్లన్నా?" అన్నాడు మస్తాన్.

"అన్న చెప్పిందే కరెక్ట్ అనండి."

మర్నాడు క్లాసులో ఛాతీ విరుచుకుని హెర్క్యులిస్ పేరు చెప్పాను. ప్రొఫెసరమ్మ కళ్లద్దాలు సవరించుకున్నారు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే గానీ, అవమానాలు నాకు తెలుగులోనే గుర్తుంటాయి.

"హెర్క్యులిస్సేనా?"

తలూపాను. నా పక్కన మూడు తలలు ఊగాయి.

"నువ్వూ అదే అంటావా?" అని శ్రీనును అడిగారు.

"అన్న చెప్పిందే కరెక్టండి, మేడమ్."

మస్తాన్ అదే అన్నాడు. కావ్య పళ్లు బిగబట్టి అదే అంది. ఈ 'అన్న' ఏ గ్రీకు దేవుడో అర్థంకాక క్లాసంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంది.

"సరే, మిర్మిడాన్ అనే మాటను ఇవాళ ఇంగ్లీషులో ఎవరికి వాడతారు?"

ఆ స్లైడ్ నా దగ్గర లేదు. "కష్టపడి పనిచేసేవాళ్లకు" అన్నాను. చీమలు కదా మరి.

ఈసారి కావ్య తల ఊగలేదు. "కాదు మేడమ్. నాయకుడు ఏం చెప్పినా, తప్పని తెలిసినా, ఎదురడగకుండా చేసేటోళ్లని అంటరు."

"ఉదాహరణ చెప్పగలవా?"

కావ్య నాయకుడంటూ నన్ను చూపించింది. తర్వాత మస్తాన్‌ను, శ్రీనును చూపించి, చివరికి తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

నా వర్క్ పర్మిట్ రెక్కలు కట్టుకుని ఊరి పక్కనున్న సరస్సు మీదుగా ఎగిరిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. ఇంతలో ప్రొఫెసరమ్మ చప్పట్లు కొట్టారు. "కావాలని తప్పు పేరు చెప్పి, ముగ్గురి చేత అవుననిపించి, ఒక మాటకు అర్థం నటించి చూపించారు. ఇలాంటి ప్రెజెంటేషన్ నేనెప్పుడూ చూడలేదు." నలుగురం పాసయ్యాం. వెళ్లబోతుంటే ఆవిడ నా భుజం తట్టి, "ఏమీ తెలియని నాయకుడి పాత్రలో నువ్వు జీవించావు" అన్నారు.

బస్‌స్టాప్‌లో, మంచులో, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. "ఈ జన్మలో మళ్లీ ఎవరికీ నాయకుణ్ణి కాను. ఇవాళ్టి నుంచి నా మాట ఎవరూ వినొద్దు."

"సరే అన్నా" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.